మంచము దిగిన వైద్యము

మన ఇండ్లలో ఎవరైన పెద్దవారు కాలుజారి పడినప్పుడు నలుగురి నోట మొదట వచ్చు మాట ఒక్కటే: "కదలకండి, పడుకొని ఉండండి." ఆ మాటలో ప్రేమ కలదు, భయము కలదు, తరతరముల అనుభవమును కలదు. పడిన క్షణమున అది సరియైన మాటయే. విరిగిన కాలిని వైద్యుడు చూచువరకు కదల్పరాదు. కాని ఆ మాటనే నెలల తరబడి పట్టుకొనియున్నచో ఏమగునో నేను నా బాల్యముననే చూచితిని.

మా అమ్మమ్మ ఒక వేకువజామున నూతిగట్టు వద్ద తడినేలపై జారిపడెను. తుంటి విరిగెను. ఆ వయస్సున ఆపరేషనుకు తట్టుకొనలేదని పెద్దలు తలచిరి. వసారాలో నులకమంచము వేసి పడుకొనబెట్టిరి. ఇంటనున్నవారు ఆమెకు చేసిన సేవలో ఏ లోపమును లేదు. అన్నము కలిపి నోటికి అందించిరి. కాలు కదలకుండ ఇరుప్రక్కల దిండ్లు పెట్టిరి. లేవబోయినప్పుడెల్ల బ్రతిమాలి పడుకొనబెట్టిరి. మొదటి నెల గడచునప్పటికి ఆమె తనంతట తాను ప్రక్కకు తిరుగలేకపోయెను. రెండవ నెలలో వీపున పుండ్లు పడెను. మూడవ నెలలో దగ్గు, ఆయాసము వచ్చి కన్నుమూసెను. విరిగిన ఎముక వలన ఆమె పోలేదు. మంచము వలన పోయెను. ఈ సంగతి నాకు చాలకాలమునకు గాని బోధపడలేదు.

తుంటి విరిగిన మనిషిని పడుకొనబెట్టుట నుండి లేపి నడిపించుట వరకు వైద్యము నడచిన త్రోవ మిక్కిలి పొడవైనది. ఆ చరిత్రను సంగ్రహముగ చెప్పుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

ముందుగ తుంటికీలు ఎట్లుండునో తెలిసికొనుట అవసరము. తొడ ఎముక పైకొన బంతివలె గుండ్రముగ ఉండి, కటి ఎముకలోని గిన్నెవంటి గుంటలో తిరుగుచుండును. బంతికి దిగువ సన్నని మెడ కలదు. ముసలితనమున ఎముక గుల్లబారినప్పుడు తరచుగ విరుగునది ఈ మెడయో, దాని దిగువ భాగమో అగును. మెడ విరిగినచో బంతికి రక్తమును కొనిపోవు సన్నని నాళములు తెగును. కనుక ఆ విరుగుడు అతుకుట అరుదు. దిగువ విరిగినచో రక్తము సమృద్ధిగ అందును గనుక అతుకును. కాని అందుకు వారములు పట్టును, కాలు పొట్టిదై వంకరగ అతుకుటయు కలదు. ఈ రెండు విధములైన విరుగుళ్ల భేదము తెలియుటకే లోకమునకు చాల కాలము పట్టినది.

మన దేశపు ప్రాచీన శస్త్రవైద్య గ్రంథమగు సుశ్రుత సంహితలో విరిగిన ఎముకల చికిత్సకు ప్రత్యేకమైన అధ్యాయము కలదు. తొడ విరిగినవానిని 'కపాటశయనము' అను పలకమంచముపై పరుండబెట్టి, కాలు కదలకుండ మేకులకు కట్టి ఉంచవలెనని అందు చెప్పబడినది. బాలునకు త్వరగ అతుకుననియు, నడివయస్సున అంతకు రెట్టింపు కాలము, వార్ధక్యమున మూడురెట్లు పట్టుననియు లెక్క కూడ కలదు. అయితే ఆ అధ్యాయముననే మరియొక విశేషమున్నది. చేయి విరిగి అతికిన పిమ్మట ఆ చేతితో మొదట మట్టిముద్దను పట్టుకొనవలెను, తరువాత ఉప్పుగడ్డను, బలము వచ్చిన తరువాత రాతిని. తేలికనుండి బరువునకు క్రమముగ పోవు ఈ అభ్యాసమే నేడు ఫిజియోథెరపీ అని మనము పిలుచు విద్యకు మూలసూత్రము. కట్టు కట్టుటతో వైద్యము ముగియదనియు, పోయిన బలమును మరల అలవరుపవలెననియు ఆ గ్రంథకర్త ఎరిగియుండెను.

పాశ్చాత్య దేశములలో తొడ ఎముక మెడ విరుగుటను మొదట గుర్తించి వ్రాసినవాడు 16వ శతాబ్దపు ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోజ్ పారే. పైని చెప్పిన రెండు విధముల భేదమును స్పష్టముగ వివరించినవాడు లండను నగరపు ఆస్ట్లీ కూపర్. 1822లో ప్రకటించిన గ్రంథమున ఆయన, కీలు సంచిలోపల విరిగిన మెడ అతుకదని చెప్పెను. అతుకని ఎముకకొరకు వృద్ధులను నెలల తరబడి కట్టివేసి వారి ఆరోగ్యమును పాడుచేయుట తగదని ఆయన అభిప్రాయము. నొప్పి తగ్గువరకు కొలదివారములు దిండుపై కాలుంచి, తరువాత కుర్చీలో కూర్చుండబెట్టి, ఆపైన చంకకర్రలతో నడిపింపవలెనని ఆయన సలహా ఇచ్చెను. ఎక్స్‌రే గాని, మత్తుమందు గాని లేని ఆ కాలమున ఇంతకుమించి చేయగలిగినది లేదు. ఆ మనిషి జీవితాంతము కుంటవలసినదే. కాని బ్రతికి కుంటును.

తరువాతి తరము వైద్యులు వేరొక త్రోవ త్రొక్కిరి. 19వ శతాబ్దమున విశ్రాంతియే పరమౌషధమను సిద్ధాంతము బలపడెను. లివర్‌పూల్ నగరపు వైద్యుడును, ఎముకలు కట్టువారి వంశమున జన్మించినవాడునగు హ్యూ ఓవెన్ థామస్ ఈ సిద్ధాంతమునకు మూలస్తంభము. రోగపీడితమగు కీలును కదలనీయక, ఎడతెగక, దీర్ఘకాలము విశ్రాంతి నీయవలెనని ఆయన మతము. అందుకొరకు ఆయన కల్పించిన లోహపు చట్రము నేటికిని థామస్ స్ప్లింట్ అను పేర వాడుకలో ఉన్నది. ఆయనను నిందించుట న్యాయము కాదు. ఆ కాలమున తుంటికీలును పాడుచేయునది ముఖ్యముగ క్షయవ్యాధి. దానికి మందు లేదు. క్షయ సోకిన కీలునకు విశ్రాంతి మేలు చేసెను. చిక్కెక్కడ వచ్చినదనగా, క్షయ సోకిన బాలునకు మేలుచేసిన చికిత్సనే ఎముక విరిగిన వృద్ధురాలికిని చేయసాగిరి.

ఆ శతాబ్దముననే వేరొక పాయ సన్నగ ప్రవహించుచుండెను. 1813లో స్వీడను రాజధాని స్టాక్‌హోమ్‌లో పేర్ హెన్రిక్ లింగ్ అనునాతడు వ్యాయామ విద్యాలయమును స్థాపించి, వ్యాయామమును చికిత్సగ బోధించెను. 1894లో లండనులో నలుగురు నర్సులు కలిసి, శరీరమర్దన విద్యకు గౌరవమును క్రమశిక్షణను సమకూర్చుటకై ఒక సంఘమును నెలకొల్పిరి. ఆ సంఘమే క్రమముగ పెరిగి, 1944 నుండి చార్టర్డ్ సొసైటీ ఆఫ్ ఫిజియోథెరపీ అను పేరుతో ప్రసిద్ధమైనది. 1895లో పారిస్ వైద్యుడు లూకా షాంపియోన్యేర్, విరిగిన ఎముకలకు కూడ మర్దనము, త్వరితచలనము మేలని గ్రంథమునే వ్రాసెను. పెద్దలు చాలమంది ఆయన మాట చెవిని పెట్టలేదు.

మొదటి ప్రపంచయుద్ధము ఈ రెండు పాయలను కలిపెను. థామస్‌కు మేనల్లుడును శిష్యుడునగు రాబర్ట్ జోన్స్, యుద్ధమున గాయపడిన సైనికులకై బ్రిటనులో ఎముకల ఆసుపత్రులను ఏర్పరచెను. గురువుగారి చట్రము కాలిని రక్షించినది. కాని అతికిన కాలితో ఏమి చేయవలెనను ప్రశ్న మిగిలినది. లండనులోని షెఫర్డ్స్ బుష్ ఆసుపత్రిలో మర్దనశాలలు, వ్యాయామశాలలు, చేతిపనుల శాలలు వెలసినవి. రంపము లాగుట, బల్ల చిత్రిక పట్టుట కూడ అచట చికిత్సలైనవి. విశ్రాంతి సిద్ధాంతపు వారసుడే చలన చికిత్సకు పందిరి వేసెను.

అయినను తుంటి విరిగిన వృద్ధుల సమస్య తీరలేదు. ఎముక లోపల నిలుకడ లేనిదే మనిషిని లేపి నడిపించుట ఎట్లు? దీనికి సమాధానము అమెరికాలోని బోస్టను నగరమున లభించినది. నార్వేలో జన్మించి అచట స్థిరపడిన స్మిత్-పీటర్సన్ అను శస్త్రవైద్యుడు 1925లో మూడు రెక్కల లోహపు మేకును మెడగుండ బంతిలోనికి దిగగొట్టి విరిగిన ముక్కలను బిగించెను. 1931లో ఆ ఫలితములను ప్రకటించెను. కదలకుండుట అను పనిని ఇంతవరకు మంచము చేయుచుండెను. ఇక మేకు చేయసాగెను. మనిషి మంచమునకు ఋణపడి ఉండనక్కరలేదు.

అరిగిపోయిన కీళ్లకు కూడ ఆయన 1923లో ఒక ఉపాయము కనిపెట్టెను. ఒక రోగి వీపులో చిరకాలముండిన గాజుముక్కను తీసినప్పుడు దానిచుట్టు నున్నని పొర ఏర్పడియుండుట ఆయన కంటబడెను. తుంటిబంతిపై గాజుగిన్నెను బోర్లించినచో అట్టి నున్నని పొరయే ఏర్పడునని తలచెను. గాజు పగిలినది, 1938 నాటికి లోహపు గిన్నె వచ్చినది. ఈ శస్త్రచికిత్సలో రోగి పాలు వైద్యుని పాలుకంటె తక్కువ కాదు. ఆపరేషను పిమ్మట నెలల తరబడి వ్యాయామము చేసినగాని ఆ గిన్నె క్రింద కీలు తయారు కాదు. శస్త్రవైద్యునకు వ్యాయామ చికిత్సకుడు సమానస్కంధుడగుటకు ఇది ఒక కారణమైనది.

తరువాత కృత్రిమపు బంతులు వచ్చినవి. 1940లో అమెరికాలో ఆస్టిన్ మూర్, హెరాల్డ్ బోల్‌మన్ అనువారు లోహపు బంతిని అమర్చిరి. 1946లో పారిస్‌లో జూడే సోదరులు ప్లాస్టికు బంతి నమర్చిరి. అట్టి బంతి గల ఒక ఇంగ్లీషువాని తుంటి కిర్రుమను ధ్వని చేయుటచే అతని భార్య ఆ గదిలో ఉండలేకపోయెడిదట! ఆ కిర్రుమను ధ్వనికి కారణము వెదకుచు పోయినవాడే లాంకషైరులోని రైటింగ్‌టన్ ఆసుపత్రి వైద్యుడు జాన్ చార్న్‌లీ. ఆయన మొదట టెఫ్లాను గిన్నెలను వాడెను. సుమారు 300 మంది రోగులలో అవి కొలది సంవత్సరములలో అరిగిపోయినవి. ఆ పదార్థమును తన తొడలోనే ఉంచుకొని పరీక్షించిన సత్యసంధుడాయన. 1962 నవంబరులో దృఢమైన పాలిథీను గిన్నెను, చిన్న లోహపు బంతిని అమర్చెను. నేటి తుంటి మార్పిడికి అదియే మాతృక. అయితే ఆ తొలికాలపు రోగులును చాలదినములు మంచముపైననే ఉండెడివారు. యంత్రము సిద్ధమైనను మనస్సులు సిద్ధము కాలేదు.

మనస్సులను మార్చినవి వేరు ఆధారములు. 1935లో లండను సమీపమున మార్జరీ వారెన్ అను వైద్యురాలికి అనాథశరణాలయపు ఆసుపత్రి నొకదానిని అప్పగించిరి. అందు ఏడువందలమందికి పైగా రోగులు. అనేకులు ఏండ్లతరబడి మంచము పట్టినవారు. వారు ఇక లేవరని అందరును నమ్మిరి. ఆమె ఒక్కొక్కరిని స్వయముగ పరీక్షించి, కూర్చుండబెట్టి, నిలువబెట్టి, నడిపించెను. పలువురు ఇండ్లకు తిరిగి వెళ్లిరి. వారిలో చాలమందిని మంచమున పడవేసినది రోగము కాదు, అలవాటు అని తేలెను. 1947లో రిచర్డ్ ఆషర్ అను వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మంచమెక్కుటవలని అపాయములను గూర్చి ఒక వ్యాసము వ్రాసెను. ఊపిరితిత్తులు, రక్తనాళములు, చర్మము, కండలు, ఎముకలు, మలమూత్రములు, మనస్సు - మంచము వీనిలో ఒక్కొక్కదానిని ఎట్లు చెరచునో అందు వివరించెను. మా అమ్మమ్మ మూడునెలల కథ యంతయు ఆ వ్యాసమున కలదు.

ఆ మాట రోగుల విషయమునే గాక ఆరోగ్యవంతుల విషయమునను నిజమని మరుసటి సంవత్సరమే తేలెను. 1948లో ప్రకటితమైన ఒక పరిశోధనలో నలుగురు ఆరోగ్యవంతులగు యువకులను నడుము నుండి పాదముల వరకు ప్లాస్టరులో ఆరేడు వారములు ఉంచిరి. వారి ఎముకలనుండి సున్నము కరిగి మూత్రమున పోయెను, కండలు క్షీణించెను. 1966లో అమెరికాలోని డల్లస్ నగరమున ఇరువదియేండ్ల యువకులైదుగురు మూడు వారములు పడుకొని ఉండిరి. శ్రమించు శక్తిలో నాలుగవవంతుకు పైగా పోయెను. ముప్పది ఏండ్ల తరువాత ఆ ఐదుగురినే మరల పరీక్షించిరి. ముప్పదియేండ్ల వయోభారము వారిని తగ్గించినదానికంటె ఆ మూడువారముల మంచము ఎక్కువ తగ్గించినదని తేలెను! ఇరువది ఏండ్లవానికే ఇట్లయినచో ఎనుబది ఏండ్లవారి మాట చెప్పనేల?

ఇక ఫిజియోథెరపీ ఏమి చేయునో చూతము. ఆపరేషను జరిగిన వెంటనే పాదములను పైకి క్రిందికి ఆడించుమందురు. పిక్కల కండలు రక్తమును పైకి తోయును గనుక రక్తము గడ్డకట్టు అపాయము తగ్గును. తరువాత తొడ కండలను, పిరుదు కండలను బిగించి వదలుట. పిమ్మట మంచపు అంచున కూర్చుండుట, వాకరు పట్టుకొని నిలుచుట, నాలుగడుగులు వేయుట. ఆ నాలుగడుగులే అన్నిటికంటె కష్టమైనవి. నొప్పికంటె భయము పెద్దది. లోపల అమర్చినది ఊడునేమో, మరల పడుదుమేమో అని కాలు నేలను నమ్మదు. చికిత్సకుడు ఎంత బరువు మోపవలెనో చెప్పి, ప్రక్కన నిలిచి, ఆ నమ్మకమును అడుగడుగునను తిరిగి కట్టును.

పిరుదు ప్రక్కనుండు కండ ఇందు ముఖ్యమైనది. ఒంటికాలిపై నిలిచినప్పుడు నడుము ఒరగకుండ పట్టునది అదియే. అది బలహీనమైనచో నడుము రెండవవైపునకు జారునని 1895లో జర్మను వైద్యుడు ట్రెండెలెన్‌బర్గ్ చూపెను. తక్కెడ నెరిగినవారికి ఇది సులభముగ బోధపడును. శరీరపు బరువు పొడవైన కాడ చివర, ఈ కండ పొట్టి కాడ చివర ఉన్నవి. కనుక కండ మిక్కిలి గట్టిగ లాగవలెను. ఒంటికాలిపై నిలిచినప్పుడు కీలుపై శరీరపు బరువునకు రెండింతలకు పైబడిన భారము పడును. చేతికర్రను ఏ చేత పట్టవలెనో ఇందువలననే తెలియును. నొప్పిగల వైపున పట్టుట లోకసహజము. కాని అది పొరపాటు. ఎదుటి చేత పట్టినచో కర్ర ఆ పొడవైన కాడను మోయుటచే కండకు శ్రమయు కీలుకు భారమును చాలవరకు తగ్గును. 1956లో బ్లౌంట్ అను అమెరికను వైద్యుడు కర్రను పారవేయవద్దని ఒక వ్యాసముననే హెచ్చరించెను. కర్ర పట్టుట అవమానమని తలచు మన పెద్దలు ఈ మాట వినదగినది. మెట్లకును ఒక సూత్రము కలదు: ఎక్కునప్పుడు మంచికాలు ముందు, దిగునప్పుడు ఆపరేషను అయిన కాలు ముందు.

మన దేశమున ఈ విద్య 1950లలో వేరూనినది. బొంబాయిలో పోలియో వ్యాధి పిల్లలను కుంటివారిని చేయుచుండిన ఆ దినములలో, ప్రపంచ ఆరోగ్యసంస్థ సహాయముతో కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఫిజియోథెరపీ విద్యాలయము వెలసెను. హైదరాబాదున నిజాం ధర్మనిధి ఆశ్రయమున ఎముకల చికిత్సకై ఏర్పడిన ఆసుపత్రియే పెరిగి పెద్దదై నేడు నిమ్స్ అను పేరుతో అందరికిని తెలిసియున్నది.

అయితే మన గృహజీవనము పాశ్చాత్యులది కాదు. మనము పీటపై కూర్చుండి భుజింతుము, బాసిపట్లు వేసికొని పూజ చేసికొందుము, గొంతుకూర్చుండుట నిత్యావసరము. తుంటి మార్పిడి అయిన కొత్తలో తొడను లంబకోణమునకు మించి మడచుట, కాలిపై కాలు వేయుట బంతి గిన్నెనుండి జారుటకు కారణములు కావచ్చును. ఆపరేషను పద్ధతిని బట్టి ఈ నియమములు మారును గనుక వైద్యుని అడిగి తెలిసికొనవలెను. ఎత్తైన కుర్చీ, ఎత్తైన మంచము, కూర్చుండు మరుగుదొడ్డి, స్నానాలగదిలో పట్టుకొనుటకొక కడ్డీ - వీనిని రోగి ఇల్లు చేరకముందే అమర్చుట ఇంటివారి వంతు చికిత్స.

నేటి పద్ధతి ఎంతదూరము వచ్చినదో చూడుడు. 2011లో బ్రిటను ప్రకటించిన వైద్యనియమముల ప్రకారము తుంటి విరిగినవారిని, వేరు అభ్యంతరము లేనిచో, ఆపరేషను మరునాడే లేపి నడిపింపవలెను. ఆ దేశపు రాజమాత ఎలిజబెత్ 1995లో తొంబదియైదవ ఏట కుడి తుంటిని, 1998లో తొంబదియేడవ ఏట ఎడమ తుంటిని మార్పించుకొని, కర్ర చేతబట్టి నడచి, నూటొక్క ఏండ్లు జీవించెను. రాజభవనపు వైద్యము అందరికిని దొరకకపోవచ్చును. కాని ఆమె చేసిన వ్యాయామములకు రాజభవనము అక్కరలేదు. ఒక గట్టి కుర్చీ, ఒక కర్ర, ప్రక్కన ఒక మనిషి చాలును. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము వంటి నగరములలో నేడు ఈ శస్త్రచికిత్స సాధారణమైనది. ఆపరేషనుకు లక్షలు వెచ్చించి, ఇల్లు చేరిన పిమ్మట వ్యాయామము మానిపించి పడుకొనబెట్టు కుటుంబములు కూడ లేకపోలేదు. అది ఎద్దును కొని కాడి కట్టకుండుట వంటిది.

మా అమ్మమ్మ లేవబోయిన ప్రతిసారియు మేము ప్రేమతో పడుకొనబెట్టితిమి. ఆ దినములలో మా యూర ఆమె తుంటిని బిగింపగల చేతులు లేవు. మాకు ఈ చరిత్ర తెలియదు. కనుక ఎవ్వరిని నిందింపజాలను. కాని ఆమె లేవబోయెనను సంగతి మాత్రము నేను మరువలేను. ఆమె శరీరమునకు తెలిసినది వైద్యులకు తెలియుటకు తరములు పట్టినది. నేడు మీ ఇంట అట్టివారున్నచో, వైద్యుడు లేవవచ్చునని చెప్పిన దినమున దిండు సర్దుటకు కాక, లేచువారికి ఊతగ మీ చేయి చాపుడు.